పర్లాకిమిడిలోనే ఉంటూ సొంతంగా అఫిలియేట్, సెర్చ్ మార్కెటింగ్ పని కొనసాగించడం సాధ్యమేనా?

ప్రశ్న: మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా)

అందరికీ నమస్కారం. నేను ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు చదువుకున్నవాణ్ణి. బీకాం పూర్తయ్యాక విశాఖపట్నమో భువనేశ్వరమో వెళ్లకుండా, ఇక్కడే ఉండి ఇన్వర్టర్లు, బ్యాటరీలు, ఫ్యాన్లు, నీళ్ల మోటార్ల మీద సమీక్షలు రాసే వెబ్‌సైటు నడుపుతున్నాను. పాఠకుడు నా పేజీలోని లింకు నొక్కి వెళ్లి వస్తువు కొంటే కమిషన్ వస్తుంది, దీన్నే అఫిలియేట్ పని అంటారు. దానికి తోడు ప్రకటనల ఆదాయం కొంత ఉంటుంది.

ఈ వస్తువులనే ఎంచుకోవడానికి కారణం మా ఊరి పరిస్థితి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా జిల్లాలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ తరువాత ఇన్వర్టరు కొనాలనుకున్న ప్రతి ఇంట్లోనూ ఎంత పెద్దది కొనాలి, ఎంతసేపు పని చేస్తుంది అన్న ప్రశ్నలే వినిపించాయి. వాటికి ఎవరో ఒకరు కొలిచి సమాధానం చెప్పాలి కదా అనుకుని ఈ పని మొదలుపెట్టాను.

కొలిచే రాస్తున్నాను కూడా. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు ఉంటాయి. 75 వాట్ల మామూలు ఫ్యాన్లు రెండు, 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు రెండు, ఒక రౌటరు కలిపితే ఇంటి లోడు 200 వాట్ల దాకా వస్తుంది కాబట్టి, లెక్క ప్రకారం తొమ్మిది గంటలు నడవాలి. నేను బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి, కరెంటును కొలిచే క్లాంప్ మీటరు పెట్టి, గడియారం చూస్తూ నడిపితే ఆరు గంటలు కూడా దాటలేదు. బ్యాటరీ మీద రాసే 150 అన్న అంకె ఇరవై గంటలపాటు నెమ్మదిగా వాడితే వచ్చే సామర్థ్యం. లోడు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. దానికి ఇన్వర్టరులో జరిగే నష్టం తోడవుతుంది. ఫ్యాన్ల స్థానంలో తక్కువ కరెంటుతో నడిచే ముప్పై వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే అదే బ్యాటరీ ఎంత ఎక్కువసేపు వచ్చిందో కూడా అదే పేజీలో రాశాను.

ఏడాదిగా సెర్చ్ నుంచి వచ్చే పాఠకులు బాగా తగ్గారు, ఆదాయం దాదాపు సగానికి పడిపోయింది. కమిషన్ విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. పెండింగ్‌లో కనిపించిన మొత్తంలో చాలా భాగం నెల తిరిగేసరికి రద్దయినట్టు చూపిస్తున్నారు. ఒక సంస్థ అయితే నేను రాసిన ఉత్తరాలకు సమాధానమే ఇవ్వలేదు. ఇంట్లో నాన్నగారు నేరుగా ఏమీ అనరు గానీ, బంధువులు అడిగినప్పుడు ఏం చెప్పాలో ఆయనకు తెలియడం లేదు. బ్యాంకులో కూడా మీ వ్యాపారం ఏమిటని అడిగితే ఒక్క మాటలో చెప్పలేకపోతున్నాను.

ఈ రంగంలో ఎక్కువ కాలం పని చేసినవారిని అడుగుతున్నాను. ఇది ఇంకా జీవనాధారంగా నిలబడే పనేనా? రాస్తే తెలుగులో రాయాలా, ఇంగ్లీషులో రాయాలా? ఊళ్లోని దుకాణాలకు సెర్చ్ పని, అంటే గూగుల్‌లో వెతికేవారికి అవి కనిపించేలా చూసే పని, చేసిపెట్టడం వల్ల ఏమైనా నిలకడ వస్తుందా? పన్ను వ్యవహారం తెలిసినవారు ఉంటే అది కూడా కాస్త వివరించగలరు.

సమాధానం: పాతబరంపురం

మీ బ్యాటరీ లెక్క చదివాక మీకు ఈ పని చేతనవునన్న విషయంలో నాకు సందేహం లేదు. అయినా నా సలహా వేరు. ఒకటి రెండేళ్లు ఏదైనా మార్కెటింగ్ ఏజెన్సీలో ఉద్యోగం చేసి రండి. ఒంటరిగా పని చేసేవారికి సొంత సైటు ఒక్కటే తెలుస్తుంది. ఏజెన్సీలో పదిమంది ఖాతాదారుల లెక్కలు కళ్ల ముందు ఉంటాయి, డబ్బు చెల్లించి ఇచ్చే ప్రకటనలు ఎలా నడుస్తాయో ఇతరుల పెట్టుబడితో నేర్చుకోవచ్చు, తప్పు జరిగితే సరిదిద్దే పెద్దవారు పక్కనే ఉంటారు. సైటును మూసివేయనక్కరలేదు, ఆదివారాలు దానికి కేటాయించండి. బరంపురంలో ఉండి ఇంటి నుంచే ఏజెన్సీలకు పని చేస్తున్నవారు నాకు తెలుసు కాబట్టి, ఉద్యోగమంటే ఊరు వదలడమేనని అనుకోనవసరం లేదు.

సమాధానం: నాగావళి గట్టు (రాయగడ)

తమ్ముడూ, నేను ఈ పనిలోకి వచ్చి పదేళ్లు దాటింది. పై సలహాను కాదనను. అయితే మీరు అడిగిన ప్రశ్నకు ఉద్యోగం సమాధానం కాదని నా అభిప్రాయం. ముందు పాఠకులు ఎందుకు తగ్గారో తేల్చుకోండి. కారణాన్ని బట్టి చేయవలసిన పని పూర్తిగా మారిపోతుంది.

మన సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపే సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలు దాచి ఉంచుతుంది. నిన్నటినీ ఇవాళనూ పోల్చకండి; ఈ ఏడాది ఏప్రిల్‌ను కిందటి ఏప్రిల్‌తో, ఈ అక్టోబరును కిందటి అక్టోబరుతో పోల్చండి. మీ వస్తువులకు వేసవి ఒక గిరాకీ కాలం, తుపానుల నెలలు ఇంకొక గిరాకీ కాలం. ఇది గమనించకపోతే రుతువు మారడాన్ని పతనమని పొరబడే ప్రమాదం ఉంది. తరువాత ఒక్కొక్క పేజీ తెరిచి మూడు అంకెలు చూడండి: ఇంప్రెషన్లు (ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించింది), సగటు స్థానం, క్లిక్కులు. ఇంప్రెషన్లూ స్థానమూ అలాగే ఉండి క్లిక్కులు మాత్రమే తగ్గితే, మీ పేజీ స్థానం కోల్పోలేదు. పాఠకుడికి కావలసిన సమాధానం ఫలితాల పైభాగంలోనే దొరికిపోతోంది. స్థానమే పడిపోతే, అదే ప్రశ్నకు మీకన్నా మెరుగైనదని శోధన యంత్రం భావించిన పేజీలు ముందుకు వచ్చాయన్నమాట. స్థానం మారకుండా ఇంప్రెషన్లు తగ్గితే, ఆ విషయాన్ని వెతికేవారే తగ్గారని అర్థం. ఈ మూడింటికీ మందు ఒక్కటి కాదు.

ఈ కుదుపు మీ ఒక్కరికే రాలేదని చెప్పడానికి కొంత చరిత్ర గుర్తుచేస్తాను. గూగుల్ 2011 ఫిబ్రవరిలో పాండా అనే మార్పు తెచ్చినప్పుడు, పస లేని పేజీలను కుప్పలుగా పెట్టి బతికిన సైట్లు దెబ్బతిన్నాయి. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ వచ్చి కొనుగోలు లింకుల మీద నిలబడినవారిని పడగొట్టింది. 2022 ఆగస్టులో హెల్ప్‌ఫుల్ కంటెంట్ అప్‌డేట్ వచ్చింది, 2023 సెప్టెంబరులో దాని తరువాతి రూపం సమీక్షా సైట్లను గట్టిగా తాకింది, 2024 మార్చిలో అది ప్రధాన ర్యాంకింగ్ వ్యవస్థలోనే కలిసిపోయింది. ఆ మార్పు పూర్తి కావడానికి ఏప్రిల్ 19 దాకా పట్టింది. అదే సమయంలో యంత్రంతో గానీ మనుషులతో గానీ ర్యాంకుల కోసమే గుట్టలుగా వ్యాసాలు తయారుచేయడాన్ని, గడువు తీరిన పాత డొమైన్లు కొని వాటి పేరు మీద నడపడాన్ని, పెద్ద పత్రికల సైట్లలో ఇతరులు కూపన్ పేజీలు పెట్టుకోవడాన్ని స్పామ్ కింద చేర్చారు. ఫలితాల పైన యంత్రమే రాసి చూపే సమాధానాలు, అంటే ఏఐ ఓవర్‌వ్యూలు, 2024 మేలో అమెరికాలో మొదలై, ఆగస్టులో మన దేశానికి వచ్చాయి. ఇలాంటి మార్పులు ఇంకా వస్తూనే ఉంటాయి. సెర్చ్ నుంచి వచ్చే పాఠకుల మీద ఆధారపడడం కౌలు భూమిలో వ్యవసాయం లాంటిది. పంట మన కష్టమే, నేల మాత్రం మనది కాదు. ఈ నిజాన్ని ఒప్పుకుని పని పద్ధతిని దానికి అనుగుణంగా మలచుకున్నవారే ఈ రంగంలో ఇన్నేళ్లు ఉన్నారు.

మీ సైటులో రెండు రకాల పేజీలు ఉంటాయని నా ఊహ. ఏహెచ్ అంటే ఏమిటి, ఇన్వర్టరుకు యూపీఎస్‌కు తేడా ఏమిటి అన్నవి ఒక రకం. వీటికి సమాధానం ఎవరైనా, ఏ యంత్రమైనా చెప్పగలదు. ఈ పేజీల క్లిక్కులు తిరిగి వస్తాయని ఎదురుచూడకండి. వాటిలో ముఖ్యమైన వాక్యాలను మీ పరీక్షా పేజీల్లో కలిపేసి, మిగిలినవి తీసేయండి. రెండో రకం మీరు పైన రాసిన ఆరు గంటల పరీక్ష వంటిది. ఆ అంకె మీ ఇంట్లో, మీ మీటరు మీద పుట్టింది. దాన్ని ఇంకెవరూ ముందుగా రాయలేరు. ఆ పేజీలో మీటరు ఫోటో, పరీక్ష చేసిన తేదీ, గదిలో ఆ రోజు వేడి, బ్యాటరీ ఎన్ని నెలల పాతది, ఏ లోడు ఎప్పుడు ఆపారు అన్నవన్నీ ఉండాలి. ఏడాది తరువాత అదే బ్యాటరీని అదే లోడుతో మళ్లీ నడిపి ఆ ఫలితాన్ని కింద చేర్చండి. కొనేవారికి నిజంగా కావలసింది అదే. ఏడాది వాడిన బ్యాటరీ ఎలా ఉంటుందో దుకాణంలో చెప్పేవారు దొరకరు.

కమిషన్ల రద్దు విషయానికి వస్తే, అందులో కొంత ఈ వ్యాపారం స్వభావంలోనే ఉంది. వస్తువు తిరిగి ఇవ్వడానికి ఉన్న గడువు ముగిసే దాకా కమిషన్ పెండింగ్‌లోనే ఉంటుంది. మన ప్రాంతాల్లో చాలామంది డెలివరీ సమయంలో డబ్బు ఇచ్చే పద్ధతి ఎంచుకుంటారు. పార్సిల్ వచ్చినప్పుడు తలుపు తీయకపోతే ఆ ఆర్డరుతో పాటు మీ కమిషన్ కూడా పోతుంది. అమెజాన్ వారి అఫిలియేట్ పథకమైన అమెజాన్ అసోసియేట్స్‌లో లింకు నొక్కిన 24 గంటల్లోగా కొన్నదే సాధారణంగా లెక్కలోకి వస్తుంది. ఆ లోపల కార్టులో వేసుకుంటే గడువు పెరుగుతుంది. ఇన్వర్టరు వంటి వస్తువును ఎవరూ ఒక్క రోజులో నిర్ణయించుకోరు, ఇంట్లో నలుగురూ మాట్లాడుకోవాలి. కాబట్టి మీ కృషికి తగ్గ లెక్క అక్కడ పూర్తిగా పడదు. తక్కువ ధరలో ఉండి, అప్పటికప్పుడు కొనే బీఎల్‌డీసీ ఫ్యాను, రౌటరుకు పెట్టే చిన్న యూపీఎస్, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు వంటివాటికి లింకులు పెంచి, పెద్ద ఇన్వర్టరును పాఠకుడి నమ్మకం కోసం రాయండి. మీ ఉత్తరాలకు జవాబివ్వని సంస్థ లింకులను ఈ నెలలోనే తీసేయండి. బాకీ వసూలు అయ్యేదాకా ఉంచుదామనుకుంటే బాకీ పెరుగుతుందే గానీ తరగదు.

రేట్లు కూడా మన చేతిలో లేవు. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో అమెజాన్ ఫర్నిచరు విభాగానికి ఇచ్చే కమిషన్‌ను 8 శాతం నుంచి 3 శాతానికి తగ్గించినప్పుడు, ఆ ఒక్క విభాగం మీదే ఆధారపడినవారి ఆదాయం రాత్రికి రాత్రి పడిపోయింది. ఏ ఒక్క చోటి నుంచీ మీ ఆదాయంలో సగానికి మించి రాకుండా చూసుకోవడం నేను కచ్చితంగా పాటించే నియమం.

భాష విషయంలో నా మాట స్పష్టంగా చెబుతాను: తెలుగులోనే రాయండి. సైట్లకు ప్రకటనలు ఇచ్చే గూగుల్ సేవ యాడ్‌సెన్స్ 2018లో తెలుగును స్వీకరించింది. ఇంగ్లీషు పేజీకి వచ్చే ప్రకటన రేటు తెలుగు పేజీకి రాదన్నది నిజమే. కానీ ఇంగ్లీషులో మీరు పోటీ పడవలసింది పదుల మంది ఉద్యోగులున్న సంస్థలతో. తెలుగులో బ్యాటరీని స్వయంగా కొలిచి రాసేవారు ఎందరున్నారో వెతికి చూడండి. మన పాఠకులు తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు, లేదా ఫోనుతో మాట్లాడి వెతుకుతారు. అందువల్ల శీర్షిక జనం మాట్లాడేలా ఉండాలి, మోడలు నంబరు పెట్టె మీద ఉన్నట్టే ఉండాలి. ఇంగ్లీషు వ్యాసాన్ని యంత్రంతో తెలుగు చేసి పెట్టవద్దు. రెండు వాక్యాలు చదివితే చాలు, పాఠకుడికి తెలిసిపోతుంది.

లింకు వల్ల మీకు డబ్బు వస్తుందన్న సంగతిని పేజీ మొదట్లోనే, తెలుగులోనే చెప్పండి. ఇది మర్యాద మాత్రమే కాదు. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో తెచ్చిన నియమాలు, 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన మార్గదర్శకాలు ప్రకటనదారుతో ఉన్న డబ్బు సంబంధాన్ని వెల్లడించాలంటున్నాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు జరిమానా 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా ఉంటుంది. నా అనుభవంలో ఆ వాక్యం చదివి వెళ్లిపోయిన పాఠకుల కంటే, చదివి నమ్మినవారే ఎక్కువ.

చివరగా రోజువారీ జీవితం గురించి ఒక మాట. పొద్దున్నే కమిషన్ల పేజీ తెరిచే అలవాటు ఉంటే మానుకోండి. సెర్చ్ కన్సోల్ లెక్కలు ఎలాగూ ఒకటి రెండు రోజులు ఆలస్యంగానే వస్తాయి. వారానికి ఒకసారి చూస్తే సరిపోతుంది. పొద్దున కొలవడం, రాయడం పెట్టుకోండి. ఈ పనిలో ఒంటరితనం పెద్ద కష్టం. మనం ఏం చేస్తామో అర్థమయ్యే మనిషి వీధిలో ఒక్కరూ ఉండరు. ఇదే పని చేసే ఇద్దరు ముగ్గురితో నెలకొకసారి ఫోనులోనైనా లెక్కలు పోల్చుకుని మాట్లాడుకోవడం వల్ల నేను ఎన్నో గడ్డు నెలలు దాటాను. కావాలంటే నన్ను అందులో ఒకడిగా అనుకోండి.

మహేంద్రతనయ

అన్నయ్యా, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. ఇప్పుడే ఏప్రిల్ లెక్కలు పోల్చి చూశాను. మీరు చెప్పినట్టే సమాచారం ఇచ్చే పేజీల స్థానం మారలేదు గానీ క్లిక్కులు మాత్రమే పడిపోయాయి. పరీక్షా పేజీలకు పాఠకులు పెద్దగా తగ్గలేదు. పాతబరంపురం గారూ, ఇంటి నుంచే ఏజెన్సీ పని దొరికే అవకాశం గురించి కూడా విచారిస్తాను. ఊళ్లోని దుకాణాల పని గురించి, పన్ను గురించి తెలిసినవారు చెబితే మేలు.

సమాధానం: వంశధార (గుణుపురం)

తమ్ముడూ, నేను చేస్తున్నది సరిగ్గా ఆ దుకాణాల పనే కాబట్టి నా వంతు చెబుతాను. గుణుపురంలో ఇంజినీరింగ్ కాలేజీ ఉండడం వల్ల హాస్టళ్లు, మెస్‌లు, జిరాక్సు దుకాణాలు, కంప్యూటరు రిపేరు షాపులు చాలా ఉన్నాయి. కొత్తగా వచ్చిన విద్యార్థి ఎవరినీ అడగడు, ఫోనులోనే వెతుకుతాడు. అందులో కనిపించని దుకాణం వీధి మొదట్లో ఉన్నా అతనికి లేనట్టే.

ఈ పనిలో ఎక్కువ భాగం గూగుల్ బిజినెస్ ప్రొఫైలును, అంటే గూగుల్‌లోనూ మ్యాప్‌లోనూ కనిపించే దుకాణం వివరాలను, సక్రమంగా ఉంచడమే. దుకాణం పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే ఇవ్వాలి. పేరు పక్కన ఊరి పేరు, ఉత్తమం, చౌక అన్న మాటలు తగిలిస్తే ప్రొఫైలును నిలిపివేసే ప్రమాదం ఉంది. విభాగం సరిగ్గా ఎంచుకోవాలి, పండుగ సెలవుల వేళలు ముందుగానే మార్చాలి, లోపలి ఫోటోలు కొత్తవి పెట్టాలి. ధ్రువీకరణకు ఇప్పుడు తరచుగా వీడియో అడుగుతున్నారు; వీధి, బోర్డు, లోపలి సామాను, యజమాని తాళం తీయడం ఒకే వీడియోలో ఆపకుండా తీస్తే సాఫీగా అవుతుంది. మీ ఊరి పేరునే జనం ఇంగ్లీషులో మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో రాస్తారు. దుకాణానికి వెబ్ పేజీ ఉంటే వాడుకలో ఉన్న రూపాలు అందులో సహజంగా చోటు చేసుకునేలా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం నుంచి నది దాటి వచ్చే తెలుగువారు మీ ఊరి దుకాణాలకు ముఖ్యమైన కొనుగోలుదారులు కాబట్టి, ఒడియా, ఇంగ్లీషు, తెలుగు మూడూ తెలిసిన మీకు ఇందులో ఇతరులకు లేని సౌకర్యం ఉంది.

రెండు విషయాల్లో గట్టిగా ఉండండి. మొదటిది, ప్రొఫైలు యజమాని సొంత మెయిలు మీదే ఉండాలి, మీరు మేనేజరుగా మాత్రమే చేరాలి. ఖాతాను తమ పేరు మీద పెట్టుకుని, గొడవ వచ్చినప్పుడు దుకాణాన్ని ఇబ్బంది పెట్టినవారి వల్ల మన పని మీదే ఈ ప్రాంతంలో అపనమ్మకం వచ్చింది. ఎంతో బాధతో ఈ మాట రాస్తున్నాను. అలాంటి వ్యవహారంలో ఇరుక్కున్న ఒక మందుల దుకాణం ప్రొఫైలును తిరిగి రాబట్టడానికి నేను నెలల తరబడి తిరగవలసి వచ్చింది. రెండోది, మొదటి స్థానం తెప్పిస్తానని ఎవరికీ మాట ఇవ్వకండి. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతుంది. సెర్చ్ పనికి ఫలితం కనిపించడానికి చాలా సందర్భాల్లో నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని కూడా ఆ సంస్థవారే చెప్పారు. ఈ రెండు సంగతులూ మొదటి రోజే యజమానికి చెప్పి, ఏం చేస్తారో, ఎంత తీసుకుంటారో వాట్సాప్‌లో రాసి పంపి, సగం ముందుగా తీసుకోండి.

నెలాఖరున అంకెలతో కూడిన పెద్ద నివేదిక ఇవ్వనవసరం లేదు. ప్రొఫైలు చూసి ఎందరు ఫోను చేశారు, ఎందరు దారి అడిగారు అన్న రెండు లెక్కలూ చూపించి, కౌంటరు దగ్గర కూర్చుని పావుగంట మాట్లాడితే యజమానికి అర్థమవుతుంది. డబ్బులు ఇచ్చి సమీక్షలు రాయించమని అడిగేవారు ఉంటారు. ఆ పని ఒప్పుకోవద్దు. నిజంగా వచ్చిన కొనుగోలుదారుడిని బిల్లు ఇచ్చేటప్పుడు అడిగితే చాలామంది ఇష్టంగానే రాస్తారు. రెండు మూడు దుకాణాలు నిలకడగా ఉంటే ఇంటి ఖర్చుకు ఒక ఆధారం ఏర్పడుతుంది, మీ సైటుకు కావలసిన సమయం దొరుకుతుంది. ఇన్వర్టర్లు అమ్మే దుకాణం పని మాత్రం తీసుకోకండి. తీసుకుంటే మీ సమీక్షలను ఎవరూ నమ్మరు.

సమాధానం: ధర్మాబాద్ నుంచి (నాందేడ్ జిల్లా)

మాది మహారాష్ట్ర వైపు సరిహద్దు. బయట మరాఠీ, ఇంట్లో తెలుగు. మా ఊళ్లోనూ మిర్చి వ్యాపారం అంటే అందరికీ తెలుస్తుంది గానీ, మనం చేసే పని పేరు ఎవరికీ తెలియదు. మీరు బీకాం చదివారు కాబట్టి పన్ను విషయాన్ని నేరుగా చెబుతాను.

బ్యాంకుకు సమాధానంగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) చేయించుకోండి. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ పోర్టల్లోనే ఉచితంగా అవుతుంది, దళారికి డబ్బు ఇవ్వనవసరం లేదు. పనిని ప్రకటనల సేవగా చూపిస్తే ఆ ధ్రువపత్రంతో కరెంటు ఖాతా తెరవడం తేలిక. తరువాత ఇంటి లోనుకైనా, వ్యాపార లోనుకైనా వారు అడిగేది గత రెండు మూడేళ్ల రిటర్నులు. అందుకని పన్ను కట్టవలసిన అవసరం లేకపోయినా ప్రతి ఏడాదీ రిటర్ను దాఖలు చేయండి. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల రూపాయల దాకా ఆదాయం ఉన్నవారికి రిబేటు వల్ల పన్ను పడదు. కానీ మీ కమిషన్లో ముందుగానే కోసిన పన్ను (టీడీఎస్) తిరిగి రావాలంటే రిటర్ను తప్పనిసరి.

కమిషన్ మీద 194హెచ్ సెక్షను కింద కోసే టీడీఎస్ 2024 అక్టోబరు 1 నుంచి 5 శాతం బదులు 2 శాతం అయింది. 2025 ఏప్రిల్ నుంచి ఒక సంస్థ ఏడాదికి 20,000 రూపాయలకు మించి ఇస్తేనే ఇది వర్తిస్తుంది. మీ పేరున కోసిన పన్ను వివరాలుండే ఫారం 26ఏఎస్ తెరిచి ఎవరు ఎంత కోశారో చూసుకోండి. మీ డాష్‌బోర్డు లెక్కకూ దీనికీ తేడా ఉంటే, ఆ సంస్థకు రాసే ఉత్తరంలో ఈ కాగితాన్ని జత చేయండి.

చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. చిన్న వ్యాపారులకు లెక్కల పుస్తకాలు లేకుండా అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపించే వెసులుబాటు ఆదాయపు పన్ను చట్టం 44ఏడీ సెక్షనులో ఉంది గదా అని, అఫిలియేట్ కమిషన్‌ను కూడా అందులో చూపించేస్తున్నారు. కమిషన్, బ్రోకరేజీ ఆదాయానికి ఆ సెక్షను వర్తించదని అదే సెక్షనులో స్పష్టంగా ఉంది. అందువల్ల రిటర్ను ఫారాల్లో ఐటీఆర్-4 కాకుండా ఐటీఆర్-3 వేయాలి, నిజమైన ఖర్చులు చూపించాలి. హోస్టింగ్, డొమైన్, ఇంటర్నెట్టు బిల్లు, పరీక్ష కోసం కొన్న మీటరు, బ్యాటరీల బిల్లులు అన్నీ దాచండి. కంప్యూటరు మీద ఏడాదికి 40 శాతం తరుగుదల వస్తుంది. దుకాణాల నుంచి వచ్చే రుసుమునూ ప్రకటనల ఆదాయాన్నీ కమిషన్‌తో కలపకుండా వేరు పద్దుల్లో రాయండి. ఆదాయపు పన్ను కొత్త చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 కాబట్టి, ఆ తరువాతి కాలానికి వేసేటప్పుడు నేను చెప్పిన సెక్షన్ల నంబర్లను కొత్త చట్టంతో సరిచూసుకోవాలి.

జీఎస్టీ విషయంలో, సేవలు అందించేవారికి ఒడిశాలో గానీ మహారాష్ట్రలో గానీ ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటే దాకా రిజిస్ట్రేషను అవసరం లేదు. వేరే రాష్ట్రంలోని సంస్థకు సేవ చేసినా ఈ పరిమితి వర్తించేలా 2017 అక్టోబరులో మినహాయింపు ఇచ్చారు. కాబట్టి పాతపట్నం దుకాణం పని ఒప్పుకోవడానికి వెనకాడనవసరం లేదు. విదేశాల నుంచి వచ్చే మొత్తం కూడా ఆ 20 లక్షల లెక్కలోకి వస్తుంది. అలాంటి ప్రతి చెల్లింపుకూ బ్యాంకు నుంచి ఇన్‌వర్డ్ రెమిటెన్స్ పత్రం అడిగి తీసుకోండి, తరువాత అడిగితే వెతికి ఇవ్వడానికి వారికి వారాలు పడుతుంది. ఏడాది పన్ను 10,000 రూపాయలు దాటేలా ఉంటే ముందస్తు పన్నును జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 తేదీల్లోగా విడతలుగా కట్టాలి. ఈ సంవత్సరపు కమిషన్ పట్టిక మీ దగ్గర నెలవారీగా ఉంటే, వ్యక్తిగత వివరాలు తీసేసి ఇక్కడ పెట్టండి, ఏది ఏ పద్దులో రాయాలో చూసి చెబుతాను.